జావా ముస్లిం సమాజం: రెండు ప్రశ్నలు, ఒక పొరపాటు

ఒక ముస్లిం సమాజాన్ని పరిశీలించేటప్పుడు ధర్మవేత్త ఒక ప్రశ్న అడుగుతాడు, సమాజ పరిశోధకుడు మరొక ప్రశ్న అడుగుతాడు. "ఈ జనం చేస్తున్న పని షరీఅత్ దృష్టిలో సరి అయినదేనా?" అన్నది ధర్మవేత్త ప్రశ్న. "ఈ పని ఏమిటి? ఇది ఎక్కడి నుండి వచ్చింది? చేస్తున్నవారు దీనిని ఏమని భావిస్తున్నారు?" అన్నది పరిశోధకుని ప్రశ్న. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. రెండింటికీ వేరు వేరు విద్యలున్నాయి, వేరు వేరు సాక్ష్యాలున్నాయి. కాని ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును రెండవ ప్రశ్నకు జవాబుగా తీసుకున్ననాడు రెండు విద్యలూ దెబ్బతింటాయి. అంతేకాదు, ఆ జవాబుతో సంబంధమున్న మనుషులకు కూడా నష్టం కలిగే ప్రమాదముంది.

వర్ధమాన దేశాలను గురించి ఇరవయ్యవ శతాబ్దంలో జరిగిన సామాజిక పరిశోధనలలో ఈ పొరపాటు స్పష్టంగా కనిపించేది ఇండొనేషియాలో, అందునా జావా ద్వీపంలో. ప్రపంచంలోని ముస్లిం సమాజాలలో ఇంతటి విస్తారమైన క్షేత్ర పరిశీలనకు లోనైనవి తక్కువ. అక్కడ జరిగిన పరిశోధన, దానిపై చెలరేగిన వాదోపవాదాలు, ఆ తరువాత జరిగిన సవరణ - ఈ మూడింటినీ వరుసగా తెలుసుకోవడం మన పాఠకులకు ప్రయోజనకరం. ఎందుకంటే అదే ప్రశ్న మన దేశంలోని ముస్లిములను గురించి కూడా తలెత్తింది.

వలస ప్రభుత్వపు పండితుడు

ఇండొనేషియా ముస్లిములను ఆధునిక పద్ధతిలో అధ్యయనం చేసినవారిలో మొదట చెప్పుకోవలసిన పేరు డచ్ పండితుడు స్నూక్ హుర్‌గ్రోన్యే (1857-1936). ఆయన అరబ్బీ భాషలో నిష్ణాతుడు. 1885లో అబ్దుల్ గఫ్ఫార్ అనే పేరుతో మక్కాలో దాదాపు ఆరు నెలలు గడిపాడు. అక్కడ నివసిస్తున్న జావా, సుమత్రా ప్రాంతాల విద్యార్థులతోను, ఉలమాతోను పరిచయం పెంచుకున్నాడు. 1889లో బతావియాకు, అనగా నేటి జకార్తాకు చేరుకుని వలస ప్రభుత్వానికి సలహాదారు అయ్యాడు. సుమత్రా ఉత్తర కొసనగల అచే రాజ్యంపై డచ్చివారు 1873లో ప్రారంభించిన యుద్ధం అప్పటికింకా ముగియలేదు. హుర్‌గ్రోన్యే అచే ప్రజల జీవితాన్ని నిశితంగా పరిశీలించి 1893-94లో రెండు సంపుటాల గ్రంథం వెలువరించాడు.

ఆయన ప్రభుత్వానికిచ్చిన సలహా సారాంశం ఇది: నమాజు, ఉపవాసాలు, హజ్జ్ వంటి ఆరాధనల జోలికి పోవద్దు, రాజకీయ రూపం దాల్చే ఇస్లాంను మాత్రం కఠినంగా అణచివేయాలి, ప్రతిఘటిస్తున్న ఉలమాను లొంగదీసి, స్థానిక సర్దారులను తమ వైపు తిప్పుకోవాలి. పాండిత్యం దృష్ట్యా ఆయన గ్రంథం నేటికీ విలువైనదే. అచే ఆచారాలను గురించి అందులో ఉన్నంత వివరం మరొకచోట దొరకడం కష్టం. కాని ఆ పరిశోధన ఎవరి అవసరం కోసం జరిగిందన్నది కూడా దాచితే దాగేది కాదు. తమను గురించి జరిగే పరిశోధన అంటే వలస దేశాల ప్రజలలో కలిగిన అనుమానానికి మూలం ఇటువంటి చోటనే ఉంది.

ఇండొనేషియా 1945 ఆగస్టు 17న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. డచ్చివారు 1949 డిసెంబరు 27న అధికారం అప్పగించారు. కొత్త దేశాన్ని అర్థం చేసుకోవాలన్న ఆసక్తి అమెరికా విశ్వవిద్యాలయాలలో పెరిగింది. వర్ధమాన దేశాల అభివృద్ధికి ఏవి తోడ్పడతాయి, ఏవి అడ్డుపడతాయి అన్న ప్రశ్న ఆనాటి ఆర్థికవేత్తలను, సమాజ శాస్త్రజ్ఞులను ఆకట్టుకొన్నది. ఫోర్డ్ ఫౌండేషన్ ధన సహాయంతో, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని అంతర్జాతీయ అధ్యయన కేంద్రం ఆధ్వర్యంలో ఒక యువ పరిశోధకుల బృందం 1952లో జావాకు బయలుదేరింది. అందులో క్లిఫర్డ్ గీర్ట్జ్ (1926-2006), ఆయన భార్య హిల్డ్రెడ్ గీర్ట్జ్, రాబర్ట్ జే, ఆలిస్ డ్యూయీ మొదలైనవారున్నారు.

మోజోకుటో పరిశీలన

ఆ బృందం మొదట జోగ్యకర్తాలోని గజ మద విశ్వవిద్యాలయంతో కలిసి పని చేయవలసి ఉండింది. ఆ సహకారం నిలువలేదు. తరువాత గీర్ట్జ్ స్వయంగా రాసిన ప్రకారం, స్థానిక ఆచార్యులు సూచించిన పద్ధతి వేరు. పరిశోధకులు ఒక కొండవాలు విడిది హోటల్‌లో బస చేయాలి. అధికారులు గ్రామస్థులను అక్కడికి పిలిపిస్తారు. వారిని ప్రశ్నించి జవాబులు రాసుకోవాలి. ఇది డచ్చి పాలనలో అలవాటైన పద్ధతి. గ్రామం దగ్గరకు పండితుడు పోవడం కాక, పండితుడి దగ్గరకు గ్రామం రావడమన్నమాట. బృందం దీనికి ఒప్పుకోక తూర్పు జావాలోని ఒక చిన్న పట్టణానికి తరలిపోయింది. స్వదేశీయుడు అయినంత మాత్రాన పరిశోధకుడు తన ప్రజలకు దగ్గరివాడు కాడన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

ఆ పట్టణం అసలు పేరు పారె. అది కెదిరి ప్రాంతంలో ఉంది. ప్రజల గోప్యతను కాపాడేందుకు పరిశోధకులు దానికి "మోజోకుటో" అని మారుపేరు పెట్టారు. జనాభా ఇంచుమించు 20,000. గీర్ట్జ్ దంపతులు జావా భాష నేర్చుకొని, ఒక రైల్వే కూలీ ఇంట్లో కాపురముండి, 1953-54లో జనంతో కలిసిమెలిసి తిరిగారు. వారి శ్రమ ఫలితంగా అనేక గ్రంథాలు వెలువడ్డాయి. గీర్ట్జ్ "ది రిలిజియన్ ఆఫ్ జావా" 1960లోను, హిల్డ్రెడ్ గీర్ట్జ్ జావా కుటుంబంపై రాసిన గ్రంథం 1961లోను, ఆలిస్ డ్యూయీ సంతల వ్యాపారంపై రాసినది 1962లోను వచ్చాయి.

గీర్ట్జ్ తన ప్రసిద్ధ గ్రంథంలో జావా ప్రజలను మత జీవితం దృష్ట్యా మూడు వర్గాలుగా విభజించాడు. మొదటివారు "అబంగన్" - పల్లె రైతులు, కూలీలు. ఆత్మలపై నమ్మకం, సాముదాయిక విందులు వీరి మతంలో ప్రధానం. రెండవవారు "సాంత్రి" - నమాజు, ఉపవాసాలను నియమంగా పాటించేవారు. బజారు వర్తకులలోను, కొంతమేరకు సంపన్న రైతులలోను వీరు ఎక్కువ. మూడవవారు "ప్రియాయి" - ప్రభుత్వోద్యోగులు, పాత రాజాస్థానాల సంస్కృతికి వారసులు. మర్యాద, కళ, అంతర్ముఖ సాధన వీరికి ముఖ్యం. వీరి మతాన్ని ఆయన హిందూ-బౌద్ధ వారసత్వంగా భావించాడు. కొద్దికాలంలోనే ఈ మూడు పేర్లు జావాను గురించి మాట్లాడే ప్రతివారి నోటా వినిపించసాగాయి.

ఒక విందు చుట్టూ వచ్చిన చిక్కు

ఈ విభజనకు ఇరుసు వంటిది "స్లామెతన్" అనే విందు. బిడ్డ పుట్టినా, ఖత్నా జరిగినా, పెళ్ళి కుదిరినా, ఎవరైనా మరణించినా, కొత్త ఇల్లు కట్టినా ఇంటి యజమాని ఇరుగుపొరుగు మగవారిని పిలుస్తాడు. వారు చాపలపై కూర్చుంటారు. విందు ఉద్దేశమేమిటో యజమాని మర్యాదపూర్వకమైన జావా భాషలో విన్నవిస్తాడు. తెలిసినవారొకరు అరబ్బీలో దుఆ చదువుతారు. అందరూ ఆమీన్ అంటారు. కొద్దిగా తిని, మిగిలిన భోజనం ఇళ్ళకు తీసుకుపోతారు. స్లామెతన్ అన్న పేరుకు మూలమైన "స్లామెత్" అనే మాట అరబ్బీలోని "సలామత్" నుండి వచ్చిందే. దీనినే "కెందురి" అని కూడా అంటారు. పారసీ మూలంగల ఈ మాట మన పాఠకులకు కొత్తదేమీ కాదు. తెలుగునాట దర్గాల వద్ద చేసే "కందూరు" అదే మాట. హిందూ మహాసముద్రపు రెండు తీరాల ముస్లిములు ఒకే పేరుతో విందు చేసుకుంటున్నారంటే వర్తకులు, సూఫీలు నడిచిన దారులు ఎంత దూరం సాగాయో ఊహించవచ్చు.

గీర్ట్జ్ ఈ విందును ఎంతో శ్రద్ధగా వర్ణించాడు. ఆయన వర్ణనను తప్పుబట్టినవారు తక్కువ. చిక్కు వచ్చింది ఆయన వేసిన లెక్కలో. నమాజు, మస్జిదు, మదరసా, హజ్జ్ - వీటిని ఆయన ఇస్లాం ఖాతాలో వేశాడు. విందు, ఆత్మల నమ్మకం, సమాధుల సందర్శన, అంతర్ముఖ సాధన - వీటిని చాలవరకు స్థానిక మతం ఖాతాలోనో, హిందూ ఖాతాలోనో వేశాడు. అంటే ఇస్లాం అనదగినదాన్ని తీసివేయగా మిగిలినదంతా ఇస్లాంకు వెలుపలిదన్నమాట. అలా చూసినప్పుడు జావా ప్రజలలో అధిక సంఖ్యాకులు పేరుకు మాత్రమే ముస్లిములుగా తేలారు.

ఇస్లాం అనదగినది ఏది, కానిది ఏది అన్న ఈ కొలబద్ద ఎక్కడిది? అది పరిశోధకుడు కొత్తగా తయారు చేసుకున్నది కాదు. 1950ల జావాలో ముస్లిముల మధ్యనే తీవ్రమైన చర్చ నడుస్తుండేది. 1912లో అహ్మద్ దహ్లాన్ జోగ్యకర్తాలో స్థాపించిన ముహమ్మదియా సంస్థ ఖుర్ఆన్, హదీసులవైపు నేరుగా మరలాలని, ఆధారం లేని ఆచారాలను విడిచిపెట్టాలని బోధించింది. 1926లో హాషిమ్ అష్అరీ తదితర ఉలమా స్థాపించిన నహ్దతుల్ ఉలమా సంస్థ మజ్హబ్ సంప్రదాయాన్ని, దానితో ముడిపడిన అనేక ఆచారాలను సమర్థించింది. సంస్కరణవాదుల వాదన గీర్ట్జ్‌కు స్పష్టంగా వినిపించింది. ఆధారం లేని ఆచారం ఇస్లాం కాదని వారు అన్నప్పుడు, అది ధర్మవేత్తల ప్రశ్నకు వారిచ్చిన జవాబు. ఆ జవాబు సరి అయినదా కాదా అన్నది ధర్మశాస్త్రానికి సంబంధించిన విషయం. గీర్ట్జ్ దానిని తన ప్రశ్నకు, అనగా ఈ ఆచారం చారిత్రకంగా ఎక్కడిది అన్న ప్రశ్నకు జవాబుగా తీసుకున్నాడు. పొరపాటు సరిగ్గా ఇక్కడ జరిగింది.

ఈ సంగతిని వేలెత్తి చూపినవాడు ఇస్లామీయ నాగరికతా చరిత్రకారుడు మార్షల్ హాడ్జ్‌సన్. ఆయన మరణానంతరం 1974లో వెలువడిన "ది వెంచర్ ఆఫ్ ఇస్లాం"లో, గీర్ట్జ్ ఒక వర్గం ఆధునిక ముస్లిముల దృష్టిని యావత్తు ఇస్లాం దృష్టిగా భావించాడని, ఇతర ముస్లిం దేశాలలో కూడా కనిపించే ఆచారాలను జావాకే ప్రత్యేకమైనవనుకొని హిందూ అవశేషాలుగా లెక్కించాడని విమర్శించాడు. జావాను మాత్రమే చూసినవాడికి వింతగా తోచేది, మొరాకో నుండి దక్కను వరకు చూసినవాడికి సుపరిచితంగా తోచవచ్చు.

సవరణ జరిగిన తీరు

గీర్ట్జ్ గ్రంథానికి మొదటి గట్టి సమాధానం ఇండొనేషియా నుండే వచ్చింది. సమాజశాస్త్రవేత్త హర్ష బఖ్తియార్ 1973లో ప్రచురించిన సమీక్షలో విభజనలోని తర్కదోషాన్ని బయటపెట్టాడు. అబంగన్, సాంత్రి అన్నవి మతాచరణను తెలిపే మాటలు. ప్రియాయి అన్నది సామాజిక అంతస్తును తెలిపే మాట. ప్రియాయికి ఎదురుమాట సామాన్య జనం అన్నదే కాని సాంత్రి కాదు. నియమంగా నమాజు చేసే ప్రియాయిలు ఉన్నారు, చేయని ప్రియాయిలూ ఉన్నారు. పొడవును, బరువును ఒకే తక్కెడలో తూచినట్లు రెండు రకాల కొలతలను కలిపితే లెక్క కుదరదు.

ఇండొనేషియా మానవశాస్త్రానికి పునాది వేసిన కుంచరనింగ్రత్ (1923-1999) జావా సంస్కృతిపై 1985లో ప్రచురించిన బృహద్గ్రంథంలో ప్రియాయి వర్గాన్ని మత విభజన నుండి తొలగించి, జావా పద్ధతి ఇస్లాం, సాంత్రి పద్ధతి ఇస్లాం అని రెండుగా మాత్రమే చెప్పాడు.

అంతకన్నా లోతైన సవరణ జమఖ్‌శరీ ధోఫియర్ చేశాడు. ఆయన ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, 1982లో "పెసాంత్రెన్ సంప్రదాయం" అనే గ్రంథాన్ని ఇండొనేషియా భాషలో ప్రచురించాడు. పెసాంత్రెన్ అంటే వసతితో కూడిన ధర్మ విద్యాలయం. హాషిమ్ అష్అరీ 1899లో స్థాపించిన తెబుఇరెంగ్ విద్యాలయం ఆయన పరిశీలించినవాటిలో ముఖ్యమైనది. వసతిగృహం, మస్జిదు, విద్యార్థులు, ప్రాచీన అరబ్బీ గ్రంథాల బోధన, క్యాయి అని పిలువబడే గురువు - ఈ ఐదూ కలిస్తేనే పెసాంత్రెన్ అవుతుందని ఆయన వివరించాడు. ఆ గ్రంథాలను, గురుశిష్య పరంపరలను, ఉలమా కుటుంబాల వియ్యాలను పరిశీలించినప్పుడు, ఘనీభవించిన పాత ఛాందసంగా బయటివారికి కనిపించినది నిజానికి కాలానుగుణంగా మారుతూ, దేశమంతటా అల్లుకొనిపోయిన సజీవ విద్యావ్యవస్థ అని తేలింది. కితాబులు చదవడం తెలిసి, క్షేత్ర పరిశీలనలో శిక్షణ పొందినవాడు మాత్రమే చేయగల పని ఇది.

జపాన్ పరిశోధకుడు మిత్సువో నకమురా 1970-72లో జోగ్యకర్తా దగ్గరి కోటగెదె పట్టణంలో నివసించి ముహమ్మదియా ఉద్యమాన్ని పరిశీలించాడు. 1983లో వచ్చిన ఆయన గ్రంథం మరొక విషయం చెప్పింది. సంస్కరణవాద ఇస్లాం జావాకు బయటి నుండి తెచ్చి అతికించినది కాదు. జావా ప్రజల సంప్రదాయంలోపలి నుండే, వారి నైతిక భావాలలో నుండే అది ఎదిగింది. ఇస్లామీకరణ అన్నది ఎన్నడో పూర్తయిన ఘట్టం కాక నేటికీ సాగుతున్న ప్రక్రియ. ఇక మార్క్ వుడ్‌వర్డ్ 1989లో ప్రచురించిన "ఇస్లాం ఇన్ జావా"లో, స్లామెతన్‌తో సహా జావా ఆచారాలలో అనేకం ఇస్లామీయ మూలాలనుండి, ముఖ్యంగా సూఫీ సంప్రదాయం నుండి రూపొందినవని వాదించాడు. ఆండ్రూ బీటీ 1999లో వెలువరించిన గ్రంథంలో మధ్యేమార్గం చూపాడు. ఒకే స్లామెతన్ చాపపై పక్కపక్కనే కూర్చున్న నలుగురు ఆ విందుకు నాలుగు అర్థాలు చెప్పుకోవచ్చు; అర్థాలు వేరైనా కలిసి కూర్చోగలగడమే ఆ విందు సాధించే పని అని ఆయన అభిప్రాయం.

చివరకు చరిత్రకారుడు మెర్ల్ రిక్లెఫ్స్ అబంగన్ అన్న పేరు వయస్సునే తవ్వి తీశాడు. జావా భాషలో "అబంగ్" అంటే ఎరుపు, "పుతిహ్" అంటే తెలుపు. నియమనిష్ఠలు పాటించేవారు తమను తెల్లవారుగా చెప్పుకొని, ఇతరులను ఎర్రవారన్నారు. కాని ఈ విభజన పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలానికి ముందు పత్రాలలో కనిపించదని 2006, 2007లలో ప్రచురించిన రచనలలో ఆయన నిరూపించాడు. ఆవిరి ఓడలు వచ్చి, 1869లో సూయజ్ కాలువ తెరుచుకొని, హజ్ యాత్ర సులభమైన కాలంలో జావాలో ధార్మిక పునరుజ్జీవనం బలపడింది. దానికి ఎదురుస్పందనగా అబంగన్ వర్గం రూపుదిద్దుకుంది. అనగా గీర్ట్జ్ సనాతనమైన నిర్మాణమనుకున్నది నిజానికి ఒక వంద సంవత్సరాల వివాద ఫలితం.

పేరు పెట్టడంలోని బాధ్యత

ఇదంతా పండితుల మాటల గారడీ, దీనితో మామూలు మనిషికి పని ఏమిటని కొందరు అడగవచ్చు. 1950ల, 60ల జావా చరిత్ర దీనికి జవాబు చెబుతుంది. 1955 సెప్టెంబరులో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో జాతీయ పార్టీకి 22 శాతం, మస్యూమీ పార్టీకి దాదాపు 21 శాతం, నహ్దతుల్ ఉలమాకు 18 శాతం, కమ్యూనిస్టు పార్టీకి 16 శాతం ఓట్లు వచ్చాయి. మొజొకుటో వంటి పట్టణాలలో సాంత్రివారు మస్యూమీ, నహ్దతుల్ ఉలమా వైపు, అబంగన్‌వారు తక్కిన రెండు పార్టీల వైపు చీలిపోయారు. ఖత్నా విందుకు, ఖననానికి ఎవరు వస్తారు అన్నది కూడా పార్టీని బట్టి నిర్ణయమయ్యే స్థితి వచ్చింది.

1965 సెప్టెంబరు 30 రాత్రి జకార్తాలో కొందరు సైనికాధికారులు చేసిన తిరుగుబాటు యత్నం విఫలమైన తరువాత, సైన్యం ఆ నేరాన్ని కమ్యూనిస్టు పార్టీపై మోపింది. 1966 మొదటి నెలల వరకు సాగిన హత్యాకాండలో ఐదు లక్షలకు తక్కువ కాకుండా ప్రజలు మరణించారని చాలామంది చరిత్రకారుల అంచనా. తూర్పు జావా అత్యధికంగా నష్టపోయిన ప్రాంతాలలో ఒకటి. సైన్యం నడిపించిన ఈ సంహారంలో అక్కడ నహ్దతుల్ ఉలమా యువజన విభాగం వారూ పాల్గొన్నారు. చనిపోయినవారిలో అత్యధికులు అబంగన్ అని పిలువబడినవారు. కలిమా చదివినవారు, తమ పిల్లలకు ఖత్నా చేయించినవారు, తమవారిని ఖిబ్లా వైపు తిప్పి ఖననం చేసినవారు. పరిశోధకుల గ్రంథాలు ఈ ఘోరానికి కారణం కావు. అలా అనడం అన్యాయం. కారణాలు సైన్యంలోను, రాజకీయాలలోను, భూమి తగాదాలలోను ఉన్నాయి. కాని పొరుగువాడిని "అతడు నిజంగా మనవాడు కాడు" అని తేల్చే మాట ఎంత ప్రమాదకరమైనదో మాత్రం ఇది చూపుతుంది.

హాషిమ్ అష్అరీ మనుమడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ 1999 నుండి 2001 వరకు ఇండొనేషియా అధ్యక్షుడుగా ఉన్నాడు. 2000వ సంవత్సరంలో ఆయన ఆ హత్యాకాండలో తన సంస్థవారి పాత్రకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఒక ధర్మవేత్త వంశం నుండి వచ్చిన ఆ మాట విలువ ఎన్ని గ్రంథాలకైనా తీసిపోదు.

స్వదేశీ పరిశోధన

తమ సమాజాన్ని తామే చదువుకోవాలన్న ప్రయత్నం ఇండొనేషియాలో క్రమంగా బలపడింది. చరిత్రకారుడు సర్తోనో కర్తోదిర్జో 1888లో బాంతెన్ ప్రాంతంలో జరిగిన రైతుల తిరుగుబాటుపై రాసిన గ్రంథం 1966లో వెలువడింది. డచ్చి అధికారులు "హాజీల మతోన్మాదం" అని కొట్టివేసిన ఆ తిరుగుబాటు వెనుక పన్నులు, పాత పెద్దల పతనం, సూఫీ తరీఖాల బలం, న్యాయకాంక్ష ఎలా కలిసిపోయాయో ఆ డచ్చి దస్తావేజులనే ఉపయోగించి ఆయన చూపించాడు. దెలియార్ నూర్ సంస్కరణవాద ముస్లిం ఉద్యమంపై రాసిన గ్రంథం 1973లో వచ్చింది.

గీర్ట్జ్ కూడా ఈ ప్రయత్నానికి తోడ్పడ్డాడు. 1971లో ఆయన ఇచ్చిన సలహా ననుసరించి, రాజధానికి దూరంగా బందా అచే, ఉజుంగ్ పాండాంగ్ (నేటి మకాసర్) వంటి చోట్ల సాంఘికశాస్త్ర పరిశోధనకు శిక్షణ కేంద్రాలు ఏర్పడ్డాయి. ప్రాంతీయ కళాశాలల యువ అధ్యాపకులు అక్కడికి వచ్చి, కొన్ని నెలలు పల్లెలలో నివసించి, చూసినది రాయడం నేర్చుకున్నారు. అదే దశాబ్దంలో ధార్మిక వ్యవహారాల మంత్రిగా ఉన్న ముక్తీ అలీ ప్రభుత్వ ఇస్లామీయ విద్యాలయాల అధ్యాపకులకు పరిశోధనా పద్ధతులలో శిక్షణ ఏర్పాటు చేయించాడు. కరాచీలోను, కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలోను చదివిన ఆయనకు ఫిఖహ్ చదివినవాడు గణాంకాలను చూసి బెదరకూడదని, గణాంకాలు తెలిసినవాడు కితాబును చూసి బెదరకూడదని తెలుసు.

మన దేశంలో ఇదే ప్రశ్న

ఇండొనేషియాలో ఈ చర్చ సాగుతున్న కాలంలోనే భారతదేశంలోనూ అటువంటిదే జరిగింది. సమాజశాస్త్రవేత్త ఇంతియాజ్ అహ్మద్ సంపాదకత్వంలో భారతీయ ముస్లిముల కులవ్యవస్థపై 1973లోను, వారి ఆచారాలపై 1981లోను వ్యాస సంపుటాలు వెలువడ్డాయి. స్థానిక ఆచారాలు, గ్రంథస్థ ఇస్లాం కలిసి నిలకడగా కొనసాగుతున్నాయని ఆయన అభిప్రాయం. చరిత్రకారుడు ఫ్రాన్సిస్ రాబిన్సన్ 1983లో దీనిని ఖండించాడు. ఉలమా, సూఫీలు చూపిన ఆదర్శం వైపు సమాజం శతాబ్దాలుగా నెమ్మదిగా జరుగుతూనే ఉందని ఆయన వాదన. 1984లో వీణా దాస్ ఈ చర్చలో ప్రవేశించి, సామాన్య ముస్లిములు తమ ధర్మాన్ని తాము ఎలా వ్యాఖ్యానించుకుంటున్నారో కూడా పరిశీలించాలని సూచించింది.

తెలుగునాట పీర్ల పండుగను, దర్గాల ఉర్సులను, కందూరును చూసే పరిశోధకునికి జావాలో ఎదురైన చిక్కే ఎదురవుతుంది. ఇది ఇస్లాం కాదు కనుక హిందూ ఆచారమై ఉండాలని అతడు రాస్తే, గీర్ట్జ్ చేసిన పొరపాటే మళ్ళీ చేసినట్లు. ముహర్రం సంస్మరణ, అలావా, అలం - వీటి చరిత్ర ఇరాన్, దక్కను సుల్తానుల ఆస్థానాల మీదుగా పల్లెకు చేరిన చరిత్ర. పల్లెలో అది మరెన్నో రంగులు పులుముకుంది. దీనికి ఎదురుగా మరొక పొరపాటు కూడా ఉంది. ఈ ఆచారానికి ముస్లిం చరిత్రలో మూలమున్నదని పరిశోధకుడు చూపగానే, ఇక షరీఅత్‌లో దానికి అనుమతి దొరికినట్లేనని భావించడం. చారిత్రక మూలం ఉన్నంత మాత్రాన ధార్మిక ప్రమాణం ఏర్పడదు. అది ధర్మవేత్తలు తమ ప్రమాణాలతో తేల్చవలసిన విషయం.

నిజానికి ఫిఖహ్ విద్యలో ఇందుకు తగిన సూక్ష్మమైన పనిముట్లు ఎప్పటి నుండో ఉన్నాయి. విధి, సున్నత్, అనుమతించబడినది, అయిష్టకరమైనది, నిషిద్ధం అని ఫుఖహా ఒక పనిని అనేక స్థాయిలలో తూచారు. "ఉర్ఫ్", "ఆదత్" అనే పేర్లతో జనాచారాన్ని ప్రత్యేకంగా పరిశీలించారు. ఇండొనేషియాలో ఆచారానికి వాడే "అదత్" అన్న మాట ఆ అరబ్బీ పదమే. ఇక ఒక పనిని బిద్అత్ అని తేల్చిన ధర్మవేత్త కూడా, దానిని చేసినవాడిని ముస్లిం సమాజం నుండి వెలివేయడానికి ఎంతో వెనుకాడాడు. ఇస్లాం - ఇస్లాం కానిది అన్న రెండు గదుల పెట్టెలో మనుషులను సర్దడం కన్నా ఈ పద్ధతి ఎంతో మెరుగైనది. అది పరిశోధకులు కూడా నేర్చుకోదగినది.

కాబట్టి జావా అనుభవం నుండి గ్రహించవలసినది పాశ్చాత్య పరిశోధనను తిరస్కరించాలని కాదు. గీర్ట్జ్ రాసిన వివరాలు లేకపోతే 1950ల జావా పట్టణపు రోజువారీ జీవితం నేటి జావా ముస్లిములకే తెలిసేది కాదు. ఆయనను సవరించినవారందరూ ఆయన భుజాల మీదుగానే చూశారు. అలాగని అచ్చయిన ప్రతి విభజనను యథాతథంగా అంగీకరించాలనీ కాదు. సవరణ జరిగింది ఖండనలతోను, ఆగ్రహంతోను కాదు. మరికొన్ని సంవత్సరాలు పల్లెలలో నివసించి, మరికొన్ని కితాబులు చదివి, మరికొన్ని దస్తావేజులు వెదికి జరిగింది.

తెలుగు ముస్లిముల జీవితాన్ని గురించి అటువంటి పని చేయవలసినవారు ఇటు మదరసాలలోను, అటు విశ్వవిద్యాలయాలలోను ఉన్నారు. ఒకరికి అరబ్బీ, ఉర్దూ కితాబులు తెలుసు. మరొకరికి సర్వే, గణాంకాలు తెలుసు. దూదేకుల ఇంటిలోనో, ఆషూర్‌ఖానా అరుగు మీదనో, పల్లె మస్జిదు ముంగిటనో ఈ ఇద్దరూ కలిసి కూర్చొని, ముందు వినాలి, తరువాత రాయాలి. ఇది సరి అయినదా అన్న ప్రశ్నను, ఇది ఏమిటి అన్న ప్రశ్నను దేని చోటున దానిని ఉంచి, దేనికి తగిన జవాబును దానికి వెదకాలి.